ఎడమ చేతి పిడికిలి

నాకు చదువు లేదు. పేరు రాయమంటే రాస్తాను కానీ మధ్యలో ఒక అక్షరం ఎప్పుడూ జారిపోతుంది. అందుకని వేలిముద్రే వేస్తాను. ఇప్పుడు నేను చెబుతుంటే మా గల్లీలో ఉండే పంతులమ్మ రాస్తోంది. మా మాటను పుస్తకం మాటగా మారుస్తానంది. మార్చుకో, జరిగింది మాత్రం మార్చకు అన్నాను.

మాది బోధన్ పక్కన చెరుకు ఊరు. చెరుకు వేసేవాళ్లకు తెలిసిన సంగతి ఒకటి ముందు చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన పని ఎవరికీ అర్థం కాదు. చెరుకు పండినంత మాత్రాన కొట్టడానికి లేదు. ఫ్యాక్టరీ నుంచి పర్మిట్ రావాలి. ఎవరి పేరు మీద పర్మిట్ వస్తే వాళ్ల బండే తూకానికి కాంటా ఎక్కుతుంది. మా దగ్గరి ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు దూరం పోవలసి వచ్చింది, పర్మిట్ల కోసం ఎదురుచూపు ఇంకా పెరిగింది. ఒకరికి ముందే వస్తుంది. ఇంకొకరికి గడలు ఎండి బెండు పడేదాకా రాదు. అలాంటప్పుడు ముందు వచ్చినవాళ్లు తమ పర్మిట్ మీద పక్కవాళ్ల చెరుకు తోలనిస్తారు. పైసలు పర్మిట్ ఉన్నవాళ్ల ఖాతాలో పడతాయి. తీసి ఇచ్చేస్తారు. దీన్ని తప్పని మా వైపు ఎవరూ అనరు. ఆపతిలో ఆదుకోవడం అంటారు.

మా ఆయన చాలామందికి అలా ఇచ్చాడు. కానీ ఆయనకొక పద్ధతి ఉండేది. అడిగినవాడు సొంత అన్న అయినా సరే, చెరుకు చూడకుండా ఇచ్చేవాడు కాదు. పొలం దాకా నడిచి వెళ్లి, గట్టు మీద నిలబడి, ఒక గడ విరిచి నమిలేవాడు. పిప్పి ఉమ్మేసి, అప్పుడు "తోల్కపో" అనేవాడు.

నాకు నవ్వొచ్చేది. "మీ అన్నదే గదనయ్యా! గంతగనం సూసుడేంది?"

"అన్నను నమ్ముత. చెరుకునైతే సూస్త," అనేవాడు.

ఆయనకు సంతకం వచ్చు. పొడుగు సంతకం, చివర పాము తోకలా ఒక గీత. కాంటా దగ్గర ఆయన సంతకం చేస్తుంటే వెనక లైన్లో ఉన్నవాళ్లు, "జల్ది కానియ్యరాదే, రైలు గీస్తున్నవా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన ఆ గీత పూర్తయ్యేదాకా పెన్ను ఎత్తేవాడు కాదు.

అలాంటి మనిషి తోటలో నీళ్లు కడుతూ కడుతూ బురదలో పడిపోయాడు. నిజామాబాద్ దవాఖానలో, కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట కూడా పోయింది అన్నారు. ఎడమ పక్క బాగానే ఉంది. ఎడమ చేత్తో నీళ్ల చెంబు అందుకునేవాడు. దోమను కొట్టుకునేవాడు. నేను కొంగుతో మూతి తుడుస్తుంటే విసుగొచ్చి అదే చేత్తో నన్ను పక్కకు తోసేవాడు. తెలివి ఎక్కడికీ పోలేదు. గేదె తాడు తెంచుకుంటే నాకంటే ముందు ఆయనే గోడ మీద కొట్టి నన్ను పిలిచేవాడు.

మాకు పిల్లలు లేరు. ఆయన అన్న కొడుకే మాకు కొడుకు. అన్న ఎప్పుడో పోయాడు. నా తోటికోడలు, ఈ పిల్లవాడు మా పక్కింట్లోనే ఉంటారు. పిల్లవాడు అంటున్నాను గానీ మీసాలొచ్చిన మగవాడే. నిజామాబాద్‌లో సిమ్ కార్డులు అమ్మే ఒక దుకాణంలో పనిచేసేవాడు. పొద్దున బస్సెక్కే ముందు మా ఇంటికి వచ్చి, ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టి, ఒళ్లు తుడిచి, గడ్డం గీసి వెళ్లేవాడు. ముడ్డి కడగడానికి కూడా నోరు వంకర పెట్టలేదు. కడుపున పుట్టినవాళ్లు చేస్తారో లేదో నాకు తెలియదు, వాడు చేశాడు. ఇది కూడా రాయమ్మా అన్నాను పంతులమ్మతో. వాడు చేసిన చెడ్డ ఒక్కటే రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

బ్యాంకు ఖాతా ఆయన ఒక్కడి పేరు మీదే ఉంది. చెరుకు పైసలు, పింఛను అన్నీ అందులోనే. సంతకం పెట్టే చెయ్యి పడిపోయింది. బ్యాంకుకు పోయి అడుగుదామంటే నాకు భయం. అద్దం వెనక కూర్చున్నవాళ్లు ఏదో అడుగుతారు, నేను ఏదో చెబుతాను, ఉన్నది కూడా ఆపేస్తారు అనుకున్నాను. ఆయన బాగున్న రోజుల్లో, "నా పేరు కూడ ఎక్కియ్యరాదు" అని ఒకసారి అన్నాను. "నేను సస్తున్ననా ఇప్పుడు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఒక రోజు మధ్యాహ్నం వాడు దుకాణం నుంచి చిన్న యంత్రం ఒకటి తెచ్చాడు. వేలు పెడితే ఎర్రగా వెలుగుతుంది.

"సిన్నమ్మా, సిన్నబాపు పేరు మీద కొత్త సిమ్ దీసి, గా నంబరు ఖాతకు ఎక్కియ్యాలె. ఇది ఎక్కితే నువ్వు బ్యాంకు మొకం సూసుడే అక్కెర లేదు. అన్ని నేను ఫోన్లనే జేస్త."

"గంతేనా?"

"ఇంకొకటి. దుబాయిల ఉన్నోళ్ల పైసలు గీ ఖాతల పడ్తయి. తీసి వాళ్ల ఇండ్లళ్ల ఇయ్యాలె. మనకు మందుల ఖర్సు ఎల్తది."

"మనకేమన్న అయితదా బిడ్డా?"

"ఏమైతది? పర్మిట్ మీద వేరేటోళ్ల చెరుకు తోలినట్టే. సిన్నబాపు ఎంతమందికి తోలనియ్యలే?"

ఆ మాటతో నా నోరు మూతపడింది. నిజం చెప్పాలంటే, మూసుకోవడానికి ఒక దారి దొరికింది. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. వాళ్ల పైసలు ఎవరి చేతుల మీదుగానో ఇళ్లకు రావడం కొత్త కాదు. మందుల దుకాణం వాడు అప్పటికే మొహం తిప్పుకుంటున్నాడు. ఆయన వీపు మీద పుండు పడింది. ఎవరి పైసలు, ఏ ఇంటికి పోవాలి అని నేను అడగలేదు. చెరుకు ఎక్కడుందో అడగలేదు.

వాడు ముందు ఆయన కుడి బొటనవేలు పెట్టి చూశాడు. అది వాచి ఉంది, చెరుకాకు కోసి కోసి గీతలు అరిగిపోయి ఉన్నాయి. యంత్రం పట్టుకోలేదు. "ఎడమది ఇయ్యి సిన్నబాపూ," అన్నాడు.

ఆయన వాడి వైపు చూశాడు. యంత్రం వైపు చూశాడు. బొటనవేలు లోపలికి పెట్టి, నాలుగు వేళ్లూ దాని మీద మూసేశాడు.

వాడు నవ్వుతూ విప్పబోయాడు. రాలేదు. "అబ్బ! సిన్నబాపుకు తాకత్ ఇంక మస్తున్నది సిన్నమ్మా."

"నరాలు గుంజుతున్నయి బిడ్డా, రోగం గదా," అన్నాను నేను.

అది అబద్ధమని ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఆయనకు, నాకు. రోగం ఉన్నది కుడి చేతికి.

నేను మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి నా ఒళ్లో పెట్టుకున్నాను. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టాను. అది విప్పి నా మోకాలితో నొక్కి పెట్టాను, పక్కది విప్పాను. ఆయన వాడిని చూడలేదు, యంత్రాన్ని చూడలేదు. నన్నే చూశాడు. చివరికి బొటనవేలు దొరికింది. చెమటతో తడిగా ఉంది. నా చీరకే తుడిచాను, ఆ ఎర్ర వెలుగు మీద పెట్టాను. యంత్రం కూత పెట్టింది.

ఆ రోజు నీళ్ల చెంబు ఇస్తే ఆయన అందుకోలేదు. నేనే నోట్లో పోశాను. సగం మెడ మీదుగా కారిపోయాయి.

తర్వాత రోజులు సుఖంగా గడిచాయని చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, గడిచాయి. మందులు ఆగలేదు. వాడు నీళ్లు నింపే పరుపు తెచ్చాడు. దాని మీద పడుకోబెట్టాక వీపు పుండు మానింది. ఊళ్లోవాళ్లు వచ్చి పరుపు నొక్కి చూసి, "ఏం కొడుకు దొరికిండే నీకు!" అని మెచ్చుకున్నారు. నేను దేవుడికి దీపం పెట్టాను. వాడు వారానికి ఎన్నోసార్లు ఫోను చూసి నవ్వుకునేవాడు, నేను పొయ్యి వైపు తిరిగేదాన్ని. ఆయన మళ్లీ చెంబు అందుకోవడం మొదలుపెట్టాడు. నన్ను తోసెయ్యడం మాత్రం మానేశాడు. నేను మూతి తుడిస్తే ఊరికే తుడిపించుకునేవాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

చెరుకు కొట్టుడు మొదలైన రోజుల్లో ఆయన పోయాడు. కొరివి వాడే పెట్టాడు. తల గొరిగించుకుని, తడి బట్టతో కుండ మోస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసే చోట బూడిద కలిపాము. ఒడ్డున నా తోటికోడలు నన్ను పట్టుకుని, "నా కొడుకును నీకిచ్చిన సెల్లె, ఇగ నువ్వు ఒంటరిదానివి గాదు," అంది. ఆ మాట మీద నేను చాలా రోజులు బతికాను.

దినాలు అయ్యాక వాడు చెప్పాడు. "సిన్నబాపు పోయిండని బ్యాంకుల చెప్పకు సిన్నమ్మా. చెప్తే ఖాత బంద్ చేస్తరు. పింఛను గూడ ఆగుతది." పంచాయతీ ఆఫీసు నుంచి తెచ్చిన చావు సర్టిఫికెట్ సద్ది డబ్బాలో పెట్టి మూత వేశాను. పోయిన మనిషిని బ్యాంకులో బతికించి ఉంచాను. ఆయన పేరు మీద వచ్చిన పింఛను నేను తిన్నాను.

ఒకనాడు ఖాతా ఆగిపోయింది. తర్వాత ఒక కానిస్టేబుల్ మా ఊరి చాయ్ హోటల్ ముందు బండి ఆపి మా ఆయన పేరు చెప్పి, ఎక్కడుంటాడని అడిగాడట.

"ఆయనను పట్టుకోవాలంటే కందకుర్తిల గోదాట్ల వల ఎయ్యాలె సార్," అన్నాడట ఎవడో. అందరూ నవ్వారట.

కానిస్టేబుల్ నవ్వలేదు. "దొంగ పైసల కేసు. ఆయన ఖాతలకే వచ్చినయి," అన్నాడు. అంతే, హోటల్ నవ్వు ఆగిపోయింది. నేను సర్వ పట్టుకుని పాలకు వెళితే నలుగురూ దారి ఇచ్చారు, ఒక్కరూ పలకరించలేదు. కాంటా దగ్గర సంతకానికి అంత సేపు పట్టే మనిషిని ఒక్క పొద్దులో దొంగను చేశారు.

వాడు ఆ సాయంత్రం వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మొహం పీక్కుపోయింది.

"సిన్నమ్మా, నన్ను గూడ మోసం జేసిండ్రు. దుబాయి పైసలనే నాకు చెప్పిండ్రు. ఖాత ఇప్పిస్తే నాకింత అన్నరు."

"ఇప్పుడేం జేద్దాం బిడ్డా?"

"సిన్నబాపే ఎవ్వలికో ఏటీఎం కార్డు ఇచ్చిండని చెప్పు. మాకేం ఎర్కలేదని చెప్పు. సచ్చినోన్ని జైల్ల ఎవ్వలు పెట్టరు గద సిన్నమ్మా. నేనైతే బతికి ఉన్న."

కొరివి పెట్టినప్పుడు గొరిగించుకున్న తల మీద వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి. నేను ఆ తల మీద చెయ్యి పెట్టాను. సరే అన్నాను.

నిజామాబాద్‌లో స్టేషన్. ఎస్‌ఐ పెద్దమనిషిలాగే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు. వాడు చెప్పమన్నదే చెప్పాను. మా ఆయన ఎవరికో కార్డు ఇచ్చాడు, నాకు తెలియదు, నేను చదువు లేనిదాన్ని.

ఎస్‌ఐ కాగితాలు తిరగేసి, "మీ ఆయన పోయినంక గూడ పైసలు తీసిండా అవ్వా?" అన్నాడు.

నేను తల వంచుకున్నాను.

"సరే, నువ్వు చెప్పిందే రాసిన. చెరుకు ఊరిదానివి గదా, నీకు అర్థమయ్యేటట్టు చెప్త. గానుగలకెల్లి రసం పడ్డంక ఇది ఎవని చెరుకని చెప్తవా? పైసలు గూడ గంతే. దొంగ పైసలు ఒక ఖాతలకెల్లి ఇంకో ఖాతలకు తిప్పుతరు. తిప్పంగ తిప్పంగ అసలు ఎవనియో పత్తా ఉండదు. గందుకే మీసొంటోళ్ల ఖాతలు పట్టుకుంటరు."

"గా పైసలు ఎవ్వలయి సారూ?"

మొదటిసారి అప్పుడు అడిగాను. ముందే, మా ఇంట్లో, ఆ మంచం మీద కూర్చుని అడగవలసిన మాట.

ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక ముసలావిడవి అని చెప్పాడు. మొగుడు పోయాక వచ్చిన పైసలట. పోలీసు బట్టలు వేసుకున్న దొంగలు ఫోన్లో కనబడి, నీ మీద కేసుంది, తలుపు వేసుకుని కూర్చో, ఎవరితో మాట్లాడినా జైలే అని బెదిరించి అన్నీ పంపించుకున్నారట. అందులో కొన్ని మా ఆయన ఖాతా మీదుగా పోయాయి. ఆమెకు తిరిగి వచ్చాయా అని అడిగాను. ఆగినవి ఆగాయి, మిగతావి దొరకడం కష్టం అన్నాడు. రాసిన కాగితం కింద నా వేలిముద్ర తీసుకున్నారు.

తిరుగు బస్సు ముందు చెరుకు లారీ ఒకటి పోతోంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, అది పక్కకు జరగలేదు. గడలు కిందికి వేలాడుతూ రోడ్డును ఊడుస్తున్నాయి. ఆ లారీ వెనక అంత సేపు కూర్చుంటే నాకు ఆయన నమిలి ఉమ్మిన పిప్పే కళ్లలో తిరిగింది. దుబాయి పైసలంటే ఏ ఇంటివి, ఎవరు పంపారు, ఏ గడపకు చేరాలి అని ఆయనకు నోరుంటే అడిగేవాడు. నోరు లేక పిడికిలి మూశాడు. అది కూడా నేనే విప్పాను. ఇప్పుడు ఆయనే ఇచ్చాడని వేలిముద్ర వేసి వస్తున్నాను.

ఇంటికొచ్చి ఆ పరుపు మీద కూర్చున్నాను. అందులో నీళ్లు ఇటు నుంచి అటు కదిలాయి. ఆ ముసలావిడ తలుపు వేసుకుని కూర్చున్న గది నాకు కనబడినట్టే అయింది. ఆమె పైసల మీద మా ఆయన పడుకుని పోయాడు. ఆ పరుపు మీదే ఆయన పుండు మానింది. మానకుండా ఉంటే బాగుండు అని అనలేను. అలా అనలేకపోవడమే నా తప్పుల్లోకెల్లా పెద్దది కావచ్చు.

తెల్లారి పరుపులో నీళ్లు జామచెట్టుకు వదిలేసి, మడిచి, చీరలో మూట కట్టుకుని మళ్లీ నిజామాబాద్ బస్సెక్కాను. వాడికి చెప్పలేదు.

ఎస్‌ఐ మూట చూసి, "గిదేంది అవ్వా, ఈడ్నే పండుకుంటవా?" అన్నాడు. పక్కనున్న కానిస్టేబుళ్లు నవ్వారు.

"గా పైసలతోని కొన్నదే. రాసుకోండ్రి. నిన్న చెప్పింది అబద్ధం."

నవ్వు ఆగింది. అంతా చెప్పాను. యంత్రం, సిమ్, వాడు, నేను. వాడి పేరు చెప్పే ముందు నీళ్లు అడిగాను. ఇచ్చారు. తాగి చెప్పాను. ఎస్‌ఐ రాయించి, కానిస్టేబుల్‌తో చదివించాడు. "ఖాతాదారుడు పక్షవాతంతో మంచంలో ఉండి, ఏమి జరుగుతున్నదో తెలియని స్థితిలో ఉండగా, అతనికి తెలియకుండా…"

"ఆగు బిడ్డా," అన్నాను. "ఆయనకు తెలుసు."

"ఏంది అవ్వా?"

"తెలివి మంచిగనే ఉండె. మాటే లేకుండె. ఆయన వద్దన్నడు. పిడికిలి మూసిండు. నేను ఇప్పిన. గట్ల రాయండ్రి."

ఎస్‌ఐ పెన్ను కింద పెట్టాడు. "ఇను అవ్వా. తెలియకుండ అని ఉంటే ఆయన పేరుకు ఏం కాదు, నీకూ ఏం కాదు. చదువురాని ముసలిదానివి, మోసపోయినవ్ అంటరు. తెలిసి ఇప్పినవని రాస్తే నీ మీదికి వస్తది."

"రానియ్యి సారూ. తెలియదని రాస్తే ఆయనను కట్టెను జేసినట్టు. ఆయన వద్దన్నడు. గా ఒక్కటి కాగితం మీద ఉండాలె."

ఎస్‌ఐ రాసింది కొట్టేయించి మళ్లీ రాయించాడు. "ఖాతాదారుడు నిరాకరించి పిడికిలి బిగించగా, భార్య బలవంతంగా విప్పి…" అని చదివారు. మళ్లీ ఒకసారి చదవమన్నాను. విని వేలిముద్ర వేశాను. పరుపు మాత్రం తీసుకోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక బయట అరుగు మీద వదిలేసి వచ్చాను.

వాడిని దుకాణంలోనే పట్టుకున్నారు. వార్త మా ఊరికి నాకంటే ముందే చేరింది. నా తోటికోడలు బస్సు దిగే చోటే నిలబడి ఉంది. కొప్పు విడిపోయింది.

"నీ మొగనికి కొరివి వెట్టిన చెయ్యే! నీ మొగని ముడ్డి కడిగిన చెయ్యే! గా చెయ్యికి బేడీలు ఏపిస్తివి గదనే! నీకు పురుగులు పడ!"

ఆమె అన్నదాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు. పురుగులు పడేదాకా ఆమె తిట్టినా నాకు తక్కువే. హోటల్ దగ్గర మాత్రం కొందరు మళ్లీ పలకరిస్తున్నారు. "ఆయన మంచోడే పాపం" అంటున్నారు. ఆ మాట వింటే ఒక పక్క చల్లగా ఉంటుంది, ఇంకో పక్క మండుతుంది.

తర్వాత చావు సర్టిఫికెట్ తీసుకుని బ్యాంకుకు పోయాను. అద్దం వెనక ఒక చిన్న వయసు ఆమె. నేను భయపడినట్టు ఏమీ అరవలేదు. మా ఆయన పడిపోయినప్పుడే రావలసింది అమ్మా అంది.

"వస్తే ఏం జేద్దురు తల్లీ? ఆయన నడ్వకపోవు, సంతకం వెట్టకపోవు."

"మేమే ఇంటికి వచ్చేవాళ్లమమ్మా. ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు మా బ్యాంకు వాళ్లు, ఆయన ఒప్పుకుంటే వేలిముద్ర తీసుకునేవాళ్లం. చేతి వేలు పనికిరాకపోతే కాలి బొటనవేలిది కూడా తీసుకుంటాం. ముందే మీ ఇద్దరి పేర్లతో ఖాతా ఉంటే ఇది కూడా అక్కర్లేకపోయేది."

"ఇది ఇప్పుడు కొత్తగ వచ్చిందా?"

"లేదమ్మా, ఎప్పటి నుంచో ఉంది."

ఆయన ఒప్పుకుంటే అన్నది ఆమె. నా చెవుల్లో అదే ఉండిపోయింది. ఒప్పుకున్నాడా లేదా అని అడగడానికి ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చేవాళ్లు. నేను ఒక్క మాట అడగడానికి భయపడి, అడగకుండా ఆ వేళ్లు విప్పాను. పోయాక వచ్చిన పింఛను కూడా తిరిగి కట్టాలన్నారు. కడుతున్నాను.

నేను కూడా ఒక రోజు పడిపోతాను కదా. బోధన్ కోర్టు దగ్గర ఒక వకీలును కలిశాను. నేను పడిపోతే నా తరఫున చూసుకోవడానికి ఎవరికైనా కాగితం రాసిస్తే సరిపోతుందా అన్నాను. అలాంటి కాగితం నాకు తెలివి ఉన్నంతవరకే చెల్లుతుందట. తెలివే తప్పితే మనవాళ్లు కోర్టుకు పోయి అడగాలి. అందుకే ఎవరిని నమ్ముతావో, ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో బాగున్నప్పుడే నలుగురికీ చెప్పుకో, ఖాతాలో రెండో పేరు పెట్టుకో, వీలునామా రాయి అన్నాడు.

"పొలం ఎవరికి రాస్తవమ్మా?"

"మా బావ కొడుక్కే."

వకీలు కళ్లద్దాలు తీశాడు. "నువ్వు పట్టిచ్చినోనికా?"

"సారూ, వాడు మా ఆయనకు పొద్దుగాల గడ్డం గీసెటోడు."

వకీలు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఇద్దరు సాక్షులను పిలిపించాడు. చదివి వినిపించాక, "నీ ఇష్టంతోనేనా?" అని వాళ్ల ముందు నన్ను గట్టిగా అడిగాడు. నన్ను అలా అడిగారు. వేలు నాకై నేనే చాచాను. బయటికొచ్చి కోర్టు గోడ పక్కన కూర్చుని ఏడ్చాను.

వాడు జమానత్ మీద, అదే బెయిలు మీద, బయటికొచ్చాడు. వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టి వస్తాడు. మా ఇంటి ముందు నుంచే పోతాడు, తల ఎత్తడు. వీలునామా సంగతి వాడికి తెలియదు. చెబితే కొనుక్కుంటున్నట్టు ఉంటుందని చెప్పలేదు. నా కేసు ఏమవుతుందో ఇంకా తేలలేదు. పిలిచినప్పుడల్లా పోతున్నాను. ఖాతాలో రెండో పేరు చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

ఈ ఏడు పర్మిట్ నా పేరు మీద వచ్చింది, కొంచెం ముందే. మా తోటికోడలికి రాలేదు. ఆమె చెరుకు ఎండుతోందని పాలు పోసే ఆమె నాతో చెప్పింది. "నిన్ను అడుగుమని చెప్పలే అవ్వా, ఊకె చెప్తున్న," అంది. ఎవరు చెప్పమన్నారో నాకు అర్థమైంది.

మర్నాడు వాళ్ల పొలానికి నడిచాను. గట్టు మీద నిలబడ్డాను. ఆమె అవతలి సాలులో ఎండాకు తీస్తోంది. నన్ను చూసి, తల తిప్పుకుని పని చేసుకుంది. కాసేపటికి ఒక గడ విరిచి, ఆకు దులిపి, గట్టు మీద నా కాళ్ల దగ్గర పడేసి మళ్లీ సాలులోకి పోయింది.

నాకు పళ్లు సగమే ఉన్నాయి. అయినా ఒక కణుపు విరిచి, పక్క దవడతో నమిలాను. తీపి ఇంకా ఉంది, పోలేదు. పిప్పి ఉమ్మేశాను.

"తోల్కపో," అన్నాను, ఆమె వీపు వైపు.